పాత కంప్యూటర్‌కు తగిన తేలికైన ఆపరేటింగ్ సిస్టమ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. అప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో చాలా భాగం పాత కంప్యూటర్ల గురించే ఉంటున్నాయి. బాగా పనిచేస్తున్న యంత్రాన్ని సాఫ్ట్‌వేర్ కారణంగా మూలన పడేయడం ఇష్టంలేని వారే వీటిని రాస్తున్నారు. ఆ పట్టుదల మాకు ఎంతో నచ్చింది. అందుకే ఈసారి మొత్తం పుటలను ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాం. ఈ జవాబుల్లో తరచూ వచ్చే లినక్స్ అంటే విండోస్‌కు బదులుగా ఉచితంగా వేసుకోగల ఆపరేటింగ్ సిస్టమ్. అది వేర్వేరు పేర్లతో, వేర్వేరు రూపాల్లో దొరుకుతుంది.

ప్రశ్న: నా దగ్గర కోర్ 2 డుయో ప్రాసెసర్, 2 జీబీ మెమరీ, మామూలు హార్డ్ డిస్క్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. ఇప్పటికీ అందులో విండోస్ 7 నడుస్తోంది. లినక్స్ వేసుకోమని అందరూ అంటున్నారు గానీ ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతున్నారు. ఉత్తరాలు రాసుకోవడం, వార్తలు చదవడం, బ్యాంకు లావాదేవీలు చూసుకోవడం తప్ప నాకు వేరే అవసరాలు లేవు. అన్నిటికంటే తేలికైనది ఏదో చెప్పండి, అదే వేసుకుంటాను.

జవాబు: అన్నిటికంటే తేలికైనదే కావాలంటే టైనీ కోర్ లినక్స్ పేరు చెప్పాలి. డెస్క్‌టాప్‌తో, అంటే తెర మీద కనిపించే మెనూలు, కిటికీల ఏర్పాటుతో కలిపి అది ముప్పై మెగాబైట్ల లోపే ఉంటుంది. అయినా దాన్ని మీకు సూచించలేం. ఎందుకంటే ఆ చిన్న పరిమాణంలో బ్రౌజర్ లేదు, వైఫై ఏర్పాట్లు లేవు, ముద్రణ సౌకర్యం లేదు. వాటన్నిటినీ మీరే ఒక్కొక్కటిగా తెచ్చి చేర్చుకోవాలి. అలా చేర్చుకుని బ్రౌజర్ తెరిచిన క్షణంలో, అంతవరకు మిగుల్చుకున్న మెమరీ అంతా దానికే ఖర్చయిపోతుంది. పాత కంప్యూటర్ విషయంలో అందరూ మొదట గ్రహించవలసిన సంగతి ఇదే. ఈ రోజుల్లో బరువు ఆపరేటింగ్ సిస్టమ్‌లో కంటే వెబ్ పేజీల్లోనే ఎక్కువగా ఉంది. తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న లినక్స్ ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడు సుమారు అర గిగాబైటు మెమరీ తీసుకుంటే, ఒక వార్తా సైటు, ఒక మెయిలు పేజీ, ఒక బ్యాంకు పేజీ కలిపి తెరిచిన బ్రౌజర్ ఒక్కటే అంతకు రెట్టింపు తీసుకోగలదు. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా ఆ పేజీల బరువు తగ్గదు.

కాబట్టి 'ఏది అన్నిటికంటే తేలిక' అన్న ప్రశ్నను పక్కనపెట్టి, మీ యంత్రానికి సరిపోయేవాటిలో భద్రతా నవీకరణలు ఇంకా కొన్నేళ్ల పాటు అందేది ఏది అని చూడాలి. బ్యాంకు పని చేసుకునేవారికి ఈ రెండో షరతు మొదటిదానికంటే ముఖ్యం. విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14నే ముగిసింది. క్రోమ్ బ్రౌజర్‌లో దానిపై పనిచేసే చివరి వెర్షన్ 109. అంటే, మీరు దాంట్లో బ్యాంకు పేజీ తెరిచిన ప్రతిసారీ, ఎప్పుడో బయటపడి ఇక ఎవరూ పూడ్చని లోపాలతోనే తెరుస్తున్నారు. కొత్తది వేసే వరకైనా దయచేసి ఆ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పనులు ఆపండి.

మీకు అనుకూలమైన విషయం ఒకటుంది. కోర్ 2 డుయో 64 బిట్ ప్రాసెసర్, అంటే ఒకేసారి 64 బిట్ల సమాచారంతో పనిచేసే కొత్త తరహాది. 32 బిట్ దానికి ముందున్న పాత తరహా. మీ విండోస్ 7 మాత్రం 32 బిట్‌ది అయి ఉండవచ్చు, ఆ కాలంలో అలా అమ్మిన ల్యాప్‌టాప్‌లు ఎన్నో ఉన్నాయి. విండోస్ 32 బిట్ అని చూపగానే ప్రాసెసర్ కూడా అంతేనని నిర్ణయించుకుని, మూసుకుపోతున్న 32 బిట్ దారిలోకి వెళ్లేవారు చాలామంది ఉన్నారు. మీరు నిస్సంకోచంగా 64 బిట్ లినక్స్‌నే ఎంచుకోవచ్చు.

ఇక పేర్ల సంగతి. మెమరీని 4 జీబీకి పెంచగలిగితే లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్ వేసుకోండి. మింట్ తయారీదారులు కనీసం 2 జీబీ ఉండాలని, సౌకర్యంగా వాడుకోవడానికి 4 జీబీ కావాలని చెబుతారు. మా అభిప్రాయంలో ఆ రెండో అంకెనే అసలైనదిగా తీసుకోవాలి. విండోస్ అలవాటైన వారికి దాని కింది పట్టీ, మెనూ కొత్తగా అనిపించవు. మింట్ 22 శ్రేణికి 2029 వరకు నవీకరణలు అందుతాయి. మెమరీ పెంచడం కుదరకపోతే డెబియన్ 13 అనే లినక్స్‌ను ఎల్ఎక్స్‌క్యూటీ అనే మరో తేలికపాటి డెస్క్‌టాప్‌తో వేసుకోండి. వైఫై కార్డులకు కావలసిన ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్) ఇప్పుడు డెబియన్ ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది కనుక, వెనకటి రోజుల్లో దాన్ని పెట్టుకునేవారు పడిన కష్టం చాలావరకు తీరిపోయింది.

అదే ఎల్ఎక్స్‌క్యూటీతో వచ్చే లుబుంటును ఎందుకు చెప్పలేదని మీరు అడగవచ్చు. అది మంచిదే. కానీ ఉబుంటు కుటుంబంలో 22.04 వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్‌ను స్నాప్ అనే పెట్టెలో పెట్టి ఇస్తున్నారు. పాత హార్డ్ డిస్క్ మీద అది మొదటిసారి తెరుచుకోవడానికి పట్టే సమయం, కొత్తగా మారినవారికి లినక్స్ మీదే విసుగు పుట్టించేంత ఉంటుంది. మింట్‌లోనూ డెబియన్‌లోనూ ఆ ఇబ్బంది లేదు.

డబ్బు పెట్టగలిగితే మెమరీతో పాటు హార్డ్ డిస్క్ స్థానంలో సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగవంతమైన నిల్వ పరికరం) పెట్టించండి. కంప్యూటర్ తెరుచుకునే సమయం, ప్రోగ్రాములు తెరుచుకునే సమయం ఎంతగా తగ్గుతాయంటే, ఏ రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మధ్య తేడా కూడా దాని ముందు నిలవదు. పైగా ల్యాప్‌టాప్ పూర్తిగా పాడైన రోజున ఆ ఎస్‌ఎస్‌డీని తీసి మరొక దానిలో వాడుకోవచ్చు.

ప్రశ్న: పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ వేశాను. వేగం బాగానే ఉంది కానీ, ఏ సైటు తెరిచినా 'ఈ కనెక్షన్ సురక్షితం కాదు' అని వస్తోంది. నవీకరణలు కూడా దిగడం లేదు. వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారాలా?

జవాబు: మారనవసరం లేదు. ముందుగా గడియారం చూడండి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే బిళ్ల ఆకారపు బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్ల వెనక్కి పోతుంది. సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి కాబట్టి, మీ కంప్యూటర్ లెక్కలో అవి ఇంకా అమల్లోకే రాలేదు. నవీకరణల జాబితాను కూడా ఇదే కారణంతో అది నిరాకరిస్తుంది. బ్యాటరీ మార్చి, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు తెరుచుకోగల సెట్టింగుల తెరలో) తేదీ సరిచేస్తే రెండు ఇబ్బందులూ ఒకేసారి తీరతాయి.

ప్రశ్న: ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ మెమరీ ఉన్న చిన్న నెట్‌బుక్ నా దగ్గర ఉంది. దాని కీబోర్డు, బరువు నాకెంతో ఇష్టం. దీనికి ఇంకా ఏమైనా దారి ఉందా? పప్పీ లినక్స్ గురించి గొప్పగా చెబుతున్నారు, నిజమేనా?

జవాబు: దారి ఉంది, కానీ దాని చివర కూడా కనబడుతోంది. రెండూ చెప్పడం మా బాధ్యత.

2008లో వచ్చిన ఎన్270 పూర్తిగా 32 బిట్ ప్రాసెసర్. తరువాత వచ్చిన కొన్ని ఆటమ్‌లు 64 బిట్‌వి అయినా, ఇది కాదు. 32 బిట్ కంప్యూటర్లకు తలుపులు ఒక్కొక్కటిగా మూసుకుంటూ వచ్చాయి. క్రోమ్ 32 బిట్ లినక్స్‌ను 2016లోనే వదిలేసింది. ఉబుంటు 2019లో, లినక్స్ మింట్ తన ప్రధాన ఎడిషన్‌లో 2020లో వదిలేశాయి. ఎంతో కాలం పాత యంత్రాలను ఆదుకున్న డెబియన్ కూడా 2025 ఆగస్టులో విడుదలైన 13వ వెర్షన్ నుంచి 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్‌ను, కెర్నెల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని) ఇవ్వడం మానేసింది. దీన్ని పెద్ద కంపెనీల నిర్దయగా మాత్రమే చూడటం న్యాయం కాదు. ప్రతి ప్యాకేజీని రెండు రకాలుగా నిర్మించి పరీక్షించడం స్వచ్ఛంద కార్యకర్తలకు నిజంగానే భారం. పైగా ఫైర్‌ఫాక్స్ వంటి పెద్ద ప్రోగ్రామును 32 బిట్ పరిమితుల్లో నిలబెట్టడం ఏటికేడు కష్టమవుతోంది.

ఈ పరిస్థితిలో మీకు మిగిలిన మేలైన ఎంపిక యాంటీఎక్స్ 23. డెబియన్ 12 ఆధారంగా తయారైన ఈ లినక్స్‌కు 32 బిట్ రూపం ఉంది. పెద్ద డెస్క్‌టాప్‌కు బదులు ఐస్‌డబ్ల్యూఎం అనే చిన్న విండో మేనేజర్‌ను వాడుతుంది కాబట్టి, ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 200 మెగాబైట్ల మెమరీతో సరిపెట్టుకుంటుంది. చూడటానికి పాతకాలపు తెరలా ఉంటుంది, మెనూలు కాస్త చిక్కుగా అనిపిస్తాయి. కానీ వారం రోజులు వాడితే చేతికి అలవాటవుతుంది. డెబియన్ 12కు దీర్ఘకాల మద్దతు 2028 జూన్ వరకు ఉంది కనుక, పునాది అప్పటిదాకా గట్టిగానే ఉంటుంది.

బ్రౌజర్ పరిస్థితి అంత బాగా లేదు. 32 బిట్ లినక్స్‌కు మొజిల్లా ఇచ్చిన చివరి సాధారణ ఫైర్‌ఫాక్స్ 144వది. ఆ తరువాత 140 శ్రేణికి చెందిన దీర్ఘకాల వెర్షన్‌కు మాత్రమే, కనీసం 2026 సెప్టెంబర్ దాకా భద్రతా నవీకరణలు ఇస్తామని ప్రకటించింది. అందువల్ల ఈ నెట్‌బుక్‌ను వెబ్ కోసం ఉంచుకోవద్దని, ముఖ్యంగా బ్యాంకు పనులకు దూరంగా ఉంచమని మా గట్టి సలహా.

మరి దేనికి ఉంచుకోవాలంటే, మీరు మెచ్చుకున్న ఆ కీబోర్డు కోసమే. అబివర్డ్‌లో రాసుకోవడానికి, న్యూమెరిక్‌లో లెక్కలు వేసుకోవడానికి, పీడీఎఫ్ పుస్తకాలు చదవడానికి, సంగీతం వినడానికి, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి, మరో కంప్యూటర్‌లోకి టెర్మినల్ ద్వారా ప్రవేశించి పనిచేయడానికి ఆ 1 జీబీ చక్కగా సరిపోతుంది. వీలైతే 2 జీబీ చేయించండి. ఆ రకం నెట్‌బుక్‌ల చిప్‌సెట్ అంతకు మించి స్వీకరించదు. మెమరీలోని కొంత భాగాన్ని కుదించి వాడుకునే జడ్‌ర్యామ్ సౌకర్యాన్ని కూడా ఆన్ చేయండి. ఇంత తక్కువ మెమరీలో అది చేసే మేలు స్పష్టంగా తెలుస్తుంది.

పప్పీ లినక్స్ గురించి మీరు విన్నది నిజమే. ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కౌలర్ 2003లో దాన్ని మొదలుపెట్టారు. మొత్తం వ్యవస్థ మెమరీలోకి ఎక్కి నడుస్తుంది కనుక, హార్డ్ డిస్క్ చెడిపోయిన కంప్యూటర్‌ను కూడా పెన్‌డ్రైవ్‌తో లేపి పనిచేయించవచ్చు. చెడిన డిస్క్ నుంచి ఫోటోలను బయటకు తీయడానికి అంతకంటే చేతికి అందివచ్చే సాధనం అరుదు. అయితే అది మామూలుగా రూట్ యూజర్‌గా, అంటే అన్ని అధికారాలతో నడుస్తుంది. నవీకరణలు కూడా మామూలు లినక్స్‌లలో వచ్చినంత సాఫీగా రావు. అందుకే దాన్ని ఆపద్ధర్మానికి ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి, రోజువారీ వాడకానికి యాంటీఎక్స్ పెట్టుకోండి.

ప్రశ్న: నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ మెమరీ ఉన్న మా కంప్యూటర్‌కు విండోస్ 11 పనికిరాదని తేలింది. పిల్లల చదువుకు వాడుతున్నాం. క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ వేయాలా, లినక్స్ మింట్ వేయాలా?

జవాబు: విండోస్ 11 అధికారికంగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌ను, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్‌ను కోరుతుంది. ఆ షరతులను తప్పించుకుని వేసే పద్ధతులు ప్రచారంలో ఉన్నా, అలా వేసిన కంప్యూటర్‌కు నవీకరణలు అందుతాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. 4 జీబీ మెమరీతో ఆ విండోస్‌ను నడపడం కూడా సుఖంగా ఉండదు. విండోస్ 10లోనే ఉండవలసి వస్తే, సొంతదారులు నమోదు చేసుకుని పొందే అదనపు భద్రతా నవీకరణలు 2026 అక్టోబర్ 13 వరకు ఉన్నాయి. అది ఆలోచించుకోవడానికి దొరికిన గడువు మాత్రమే.

పిల్లల పని పూర్తిగా బ్రౌజర్‌లోనే జరిగితే క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ బాగుంటుంది. పాత కంప్యూటర్లలో కూడా వేసుకోగల ఈ బ్రౌజర్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను గూగుల్ 2022లో అందరికీ విడుదల చేసింది. 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ మెమరీ, 16 జీబీ నిల్వ దీనికి కనీసం కావాలి. నవీకరణలు వాటంతట అవే వస్తాయి, పిల్లలు చెడగొట్టడానికి లోపల పెద్దగా ఏమీ ఉండదు. కానీ క్రోమ్‌బుక్‌లలో మాదిరిగా ఇందులో ప్లే స్టోర్ ఉండదు కాబట్టి ఆండ్రాయిడ్ యాప్‌లు దొరకవు. విండోస్‌కు పక్కన చోటిచ్చి దీన్ని పెట్టే వీలు కూడా లేదు. ఇన్‌స్టాల్ చేస్తే డిస్క్ మొత్తం చెరిగిపోతుంది. గూగుల్ ధ్రువీకరించిన మోడళ్ల జాబితాలో ప్రతి మోడల్‌కు మద్దతు ముగిసే సంవత్సరం రాసి ఉంటుంది. మీ మోడల్ అందులో ఉందో లేదో, ఉంటే ఏ సంవత్సరం వరకు ఉందో తప్పక చూడండి. మరో ఏడాదిలో ముగిసేటట్లయితే ఈ శ్రమ వృథా.

మా ఓటు లినక్స్ మింట్‌కే. అందులో పత్రాలు, లెక్కల పట్టికలు తయారుచేసుకునే లిబ్రెఆఫీస్ ఉంది, ఇంటర్నెట్ లేనప్పుడు కూడా పని ఆగదు, ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలన్న కోరిక ఏదో ఒక రోజు పిల్లలకు కలిగితే అడ్డుచెప్పేది ఏమీ ఉండదు. చదువుకు వాడే కంప్యూటర్‌కు ఈ చివరి గుణం చాలా విలువైనదని మేము నమ్ముతాం. ఒక జాగ్రత్త మాత్రం ఉంది: పాఠశాల ప్రత్యేకంగా ఏదైనా విండోస్ ప్రోగ్రామునే వాడమంటోందా అన్నది ముందుగా కనుక్కోండి.

ప్రశ్న: మీరు గతంలో చెప్పిన తేలికపాటి లినక్స్ వేసుకున్నాను. అన్నీ చురుగ్గా ఉన్నాయి, యూట్యూబ్ వీడియోలు మాత్రం ఆగి ఆగి వస్తున్నాయి. ప్రాసెసర్ వంద శాతం దగ్గరే ఉంటోంది.

జవాబు: వీడియోను కుదించి పంపే పద్ధతులు మారాయి, మీ గ్రాఫిక్స్ చిప్ పాత పద్ధతి దగ్గరే ఆగిపోయింది. ఆ కాలపు చిప్‌లలో చాలావాటికి హెచ్.264 వీడియోను స్వయంగా విప్పే శక్తి ఉంది. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా పంపే వీపీ9, ఏవీ1 రకాలను విప్పే శక్తి వాటికి లేదు. ఉదాహరణకు ఇంటెల్ చిప్‌లలో వీపీ9ను పూర్తిగా విప్పే సౌకర్యం ఏడో తరంతో వచ్చింది. చిప్ చేయలేని ఆ పని అంతా ప్రాసెసర్ మీద పడుతోంది.

దీనికి రెండు ఉపాయాలున్నాయి. యూట్యూబ్‌ను హెచ్.264 వీడియోనే అడిగేలా చేసే హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్‌ను బ్రౌజర్‌లో చేర్చుకోండి. అది చాలకపోతే వీడియో నాణ్యతను 480కి దించండి, చిన్న తెర మీద తేడా పెద్దగా తెలియదు. డౌన్‌లోడ్ చేసుకున్న వీడియోలను బ్రౌజర్‌లో కాక ఎంపీవీ ప్లేయర్‌లో చూస్తే ఇంకా హాయిగా ఆడతాయి. కోర్ 2 డుయో కాలం నాటి చిప్‌లలో కొన్నింటికి హెచ్.264 శక్తి కూడా ఉండదు. అక్కడ నాణ్యత తగ్గించడం ఒక్కటే మార్గం. దీనికోసం మరో లినక్స్‌కు, అక్కడి నుంచి ఇంకో లినక్స్‌కు మారుతూ సమయం పోగొట్టుకోవద్దు.

ప్రశ్న: తేలికపాటి లినక్స్‌లో తెలుగు సరిగ్గా కనబడుతుందా? టైపు చేసుకోవచ్చా?

జవాబు: మింట్, డెబియన్, యాంటీఎక్స్ అన్నింటిలోనూ కనబడుతుంది, టైపు చేసుకోవచ్చు. అక్షరాల స్థానంలో పెట్టెలు కనిపిస్తే ఫాంటు లేదని అర్థం, నోటో లేదా లోహిత్ తెలుగు ఫాంటు చేర్చుకుంటే సరిపోతుంది. టైపింగుకు ఐబస్ అనే సాధనాన్ని, దానితో పాటు ఎం17ఎన్ ప్యాకేజీని పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి రెండూ దొరుకుతాయి. ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లోపలికి వస్తేనే అది పనిచేయడం మొదలవుతుంది. చాలామంది ఈ మెట్టు మరచిపోయి పనిచేయడం లేదనుకుంటారు.

ప్రశ్న: ఉన్నది చెరిపేసిన తరువాత కొత్తది నచ్చకపోతే ఎలా? ముందే పరీక్షించే మార్గం ఉందా?

జవాబు: ఉంది, అది లేకుండా ఇన్‌స్టాల్ చేయవద్దనే చెబుతాం. మేము పైన చెప్పిన లినక్స్‌లన్నింటికీ లైవ్ రూపం, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసే రూపం ఉంది. డెబియన్‌కు మాత్రం లైవ్ ఐఎస్ఓ ఫైలును (మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్ ఒకే ఫైలుగా ఉన్నదాన్ని) విడిగా ఎంచుకుని దించుకోవాలి. వెంటాయ్ అనే సాధనంతో పెన్‌డ్రైవ్‌ను సిద్ధం చేసి, రెండు మూడు ఐఎస్ఓ ఫైళ్లను అందులోకి కాపీ చేసుకుంటే, ఒకే పెన్‌డ్రైవ్‌తో అన్నింటినీ చూడవచ్చు. వెంటాయ్ పెట్టేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీదే తీసుకోండి. దించుకున్న ఫైలు చెక్‌సమ్ (ఫైలు చెడకుండా పూర్తిగా దిగిందో లేదో తెలిపే గుర్తు సంఖ్య), అధికారిక సైటులో ఇచ్చిన దానితో సరిపోతోందో లేదో చూసుకోండి. సగం దిగిన ఫైలుతో మొదలుపెట్టి, తప్పంతా కంప్యూటర్‌దే అనుకునే ప్రమాదం అలా తప్పుతుంది.

లైవ్‌లో నడుస్తున్నప్పుడు వేగాన్ని బట్టి తీర్పు చెప్పకండి, పెన్‌డ్రైవ్ నుంచి నడిచేది ఎలాగూ నెమ్మదిగానే ఉంటుంది. చూడవలసినవి వేరు. వైఫై కలుస్తోందా, శబ్దం వస్తోందా, తెర వెలుగు తగ్గించగలుగుతున్నారా, ప్రింటర్‌ను గుర్తిస్తోందా, ల్యాప్‌టాప్ మూత మూసి తెరిస్తే మళ్లీ మేల్కొంటోందా అన్నవి పరీక్షించండి. పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి మొదటిదీ చివరిదీ. బ్రాడ్‌కామ్ వైఫై కార్డు ఉంటే దాని డ్రైవర్‌ను విడిగా చేర్చవలసి రావచ్చు. అప్పటివరకు నెట్‌వర్క్ కేబుల్‌తో గానీ, ఫోన్‌ను యూఎస్‌బీ ద్వారా కలిపి గానీ ఇంటర్నెట్ అందించవచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే ఇన్‌స్టాల్ దాకా వెళ్లండి. అంతకుముందు ఫోటోలు, పత్రాలు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్‌ను మరో కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూసి, దాన్ని తీసి పక్కన పెట్టండి. ఇన్‌స్టాలర్ ఏ డిస్క్‌ను చెరపమంటారని అడిగినప్పుడు ఆ బ్యాకప్ డిస్క్ కంప్యూటర్‌కు తగిలించి ఉండకూడదు.